పెంపుడు జంతువుల పాస్‌పోర్టు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఐరోపా సమాఖ్య పెంపుడు జంతువుల పాస్‌పోర్టు గారి సముఖమునకు,

లండన్ శివారులో కాపురముంటున్న ఒక తెలుగువాడు నమస్కరించి వ్రాయునది. ఉత్తరాన్ని ‘ఉభయ కుశలోపరి’ అని మొదలుపెట్టడం మా ఆనవాయితీ. అయితే రొమేనియా షెల్టరు నుంచి తమరిని వెంటబెట్టుకుని మా ఇంటికి దత్తు వచ్చిన ఆడకుక్క కుశలమో కాదో తమ పుటలన్నీ తిరగేసినా తేలలేదు కనుక, ఆ మాటను ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను.

తమరి రాజసానికి తక్కువేమీ లేదు. నీలిరంగు అట్ట, దాని మీద సమాఖ్య చుక్కలు, లోపల యజమాని సంతకానికి చోటు. జంతువు ఫొటో మాత్రం ఐచ్ఛికమట! వీసా ఫొటోలో చిరునవ్వు కనబడితే ఏం ముంచుకొస్తుందోనని బిగుసుకుని కూర్చునే జాతికి చెందిన నాకు, ఆ ఒక్క విషయంలో కుక్క మీద అసూయ కలిగిన మాట నిజం. పుట్టిన తేదీ గడిలో జనవరి 1 అని ఉంది. వీధిలో పుట్టిన జీవానికి పళ్లు చూసి ఎవరో దయతలచి వేసిన తేదీ అది. బడిలో చేర్చిన పంతులుగారి చలవ వల్ల జూలై 1న పుట్టిన మా పెద్దల తరం లాంటిదే ఇదీ అని సరిపెట్టుకున్నాను.

ముందుగా పొగడవలసినది పొగడాలి. రేబిస్ విషయంలో తమరి నిష్ఠకు వంక పెట్టలేము. ముందు చర్మం కింద పెట్టే 15 అంకెల గుర్తింపు మైక్రోచిప్, ఆ తరువాతే టీకా. ఈ క్రమం తారుమారైతే టీకా కుక్క ఒంట్లో ఉన్నా తమరి దృష్టిలో లేనట్టే. 12 వారాలు నిండని కూనకు వేసిన సూది చెల్లదు. వేశాక 21 రోజులు ఆగాలి, ఆ లెక్కలో సూది వేసిన రోజు చేరదు. ఈ భయానికి కారణం లేకపోలేదు. బ్రిటన్ 1902లో రేబిస్‌ను తరిమేసి ఊపిరి పీల్చుకుంటే, మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల కుక్కలతో 1918లో అది మళ్లీ దిగింది. రెండోసారి వదిలించుకునేసరికి 1922 వచ్చింది. 1969లో క్యాంబర్లీ అనే ఊళ్లో, ఆరు నెలల క్వారంటైన్ పూర్తి చేసుకుని వచ్చిన కుక్కకే రేబిస్ బయటపడి దేశం హడలిపోయింది. కుక్కకాటుతో ఏటా వేల ప్రాణాలు పోయే దేశంలో పుట్టినవాణ్ణి, దీని మీద వేళాకోళం ఆడను.

తరువాతి పుట బద్దెపురుగుది. బ్రిటన్ గడ్డ మీద అడుగు పెట్టడానికి ముందు, 24 గంటలకు తక్కువ కాకుండా, 120 గంటలకు మించకుండా, పశువైద్యుడే మాత్ర వేసి, గంటతో సహా నమోదు చేసి ముద్ర కొట్టాలి. మా ఇంట్లో ఏ పెళ్లి ముహూర్తాన్నీ ఇంత కచ్చితంగా పాటించలేదు. చిత్రమేమిటంటే ఆ పురుగు కుక్కను పెద్దగా బాధించదు. మనిషి కాలేయంలో చేరితేనే ప్రమాదం. రేబిస్ పుట వెనుక ఉన్నదీ మనుషుల భయమే. అంటే తమరిలో ముద్ర తప్పనిసరి అయిన చోటల్లా తమరు కాపాడుతున్నది కుక్కను కాదు, కుక్క నుంచి దేశాన్ని. కాపాడండి, కాదనను. కానీ దత్తు తీసుకునేవారు ఆ ముద్రలను చూసి ‘అన్ని పరీక్షలూ అయ్యాయి, ఆరోగ్యంగా ఉంది’ అని మురిసిపోతుంటే తమరు కిమ్మనకుండా కూర్చోవడం ఏ మర్యాద?

తమరు అడగనివి ఏమిటో కాస్త విన్నవిస్తాను. షెల్టర్లలో కూనలను ఊడ్చుకుపోయే పార్వో, డిస్టెంపర్ టీకాలకు ‘ఇతర టీకాలు’ అనే పుట ఉన్నది గానీ, అది ఖాళీగా ఉన్నా సరిహద్దులో ఎవరూ ఆపరు. దక్షిణ ఐరోపా కుక్కలను పట్టే లీష్మానియా ఉన్నది. మన బీహారును పీడించిన కాలా అజార్ క్రిమికి దాయాది, ఇసుక ఈగ కాటుతో సోకుతుంది, ఏళ్ల తరబడి పైకి తెలియకుండా ఉండి తీరిగ్గా మూత్రపిండాలను తినేస్తుంది. దోమకాటుతో వచ్చే గుండె పురుగు సంగతి ఇంకా విడ్డూరం. రక్తంలో దాని జాడ దొరకడానికే సుమారు ఆరు నెలలు పడుతుంది కనుక, ప్రయాణానికి ముందు చేసిన పరీక్షలో ‘లేదు’ అని వస్తే ‘ఇంకా కనబడలేదు’ అని కూడా అర్థం కావచ్చు. ఇక బ్రూసెల్లా కేనిస్ అనే బాక్టీరియా: దానికి కుక్కలకు టీకా లేదు, మందులు వాడినా పూర్తిగా వదిలిందన్న హామీ లేదు, మనుషులకూ అంటగలదు. కుక్క ఇక్కడికి వచ్చిన మూడు నెలలకు దానికోసం మళ్లీ పరీక్ష చేయించాలి. ఇక్కడి పశువైద్యులు చాలామంది ఆ ఫలితం చూడనిదే ఆపరేషన్ చేయడానికి ఒప్పుకోవడం లేదు. ఈ జబ్బుల పరీక్షలకు తమరిలో ఉన్న చోటల్లా చివరన ‘ఇతరములు’ అనే ఒక పుట.

పిడుదుల కథ చెప్పకుండా ముందుకు పోలేను. ఒకప్పుడు బ్రిటన్‌కు వచ్చే కుక్కకు పిడుదుల మందు కూడా తప్పనిసరి. 2012 జనవరి 1న ఆ నిబంధనను ఎత్తేశారు. 2016లో ఎసెక్స్‌లోని హార్లోలో, ఎన్నడూ దేశం దాటని కుక్కలకే పిడుదుల ద్వారా బబీసియా అనే రక్తకణాలను తినే పరాన్నజీవి సోకినట్టు తేలింది. ఆ రెండింటికీ ముడి ఉన్నదో లేదో తేల్చవలసినది శాస్త్రజ్ఞులు. తమరు మాత్రం ఆ గడిని తిరిగి తప్పనిసరి చేయలేదు.

పైగా జాలిపడి తెచ్చుకున్న కుక్క చట్టం లెక్కలో వ్యాపార సరుకు. చేతులు మారుతుంది కనుక తమరొక్కరు చాలరు. విడిగా ఆరోగ్య ధ్రువపత్రమూ, బయలుదేరే ముందు 48 గంటలలోపు పశువైద్యుడి పరీక్షా కావాలి. ఆ పరీక్షలో తేలేది కుక్క ఆ రోజుకు ప్రయాణానికి పనికివస్తుందని మాత్రమే. నెత్తురులో ఏమున్నదో ఆయన కళ్లకు కనబడదు, ఆయనను ఎవరూ అడగరు.

తమరి ప్రాపు లేనివారి పాట్లు వేరు. హైదరాబాదు నుంచి కుక్కను ఇక్కడికి తెచ్చుకునే మనవాళ్లు, టీకా వేయించిన 30 రోజులకు రక్తం తీయించి, మిల్లీలీటరుకు కనీసం 0.5 యూనిట్ల ప్రతిరక్షకాలు ఉన్నాయని ఆమోదం పొందిన ల్యాబుతో అనిపించుకుని, రక్తం తీసిన నాటి నుంచి మూడు నెలలు ఎదురుచూడాలి. ఇంత తపస్సూ రేబిస్ కోసమే. మన ఊళ్లలో ఏ పశువుల డాక్టరైనా మొదట అడిగే టిక్ ఫీవర్, అంటే పిడుదుల జ్వరం సంగతి అక్కడా ఎవరూ అడగరు.

కావున తమరిని కోరేది పెద్దదేమీ కాదు. ఆ ‘ఇతరములు’ పుటలో నాలుగు గీతలు గీయించి, ఏ జబ్బుకు పరీక్ష చేశారు, ఏ తేదీన చేశారు, మళ్లీ ఎప్పుడు చేయించాలి అని అచ్చు వేయించండి. పూరించకపోతే పోనీ, ఖాళీగా ఉన్నట్టు కనబడినా చాలు. దత్తు తీసుకునేవారు అడగవలసిన ప్రశ్నలు వారికి దొరుకుతాయి. వీలైతే ఫొటోను కూడా తప్పనిసరి చేయండి. మా కుక్క బాగుంటుంది.

ఇట్లు,
తమరి ముద్రలన్నీ చదివి, ఆపైన ఇక్కడి రక్తపరీక్షల బిల్లును కూడా చదివిన
తమ విధేయుడు