గంటస్తంభం దగ్గర గ్రాండ్ ప్రీ

విజయనగరం కుర్రకారుకి ఈ మధ్య నిద్ర పట్టడం లేదు. ఉద్యోగాల గురించి అనుకునేరు. అవి వస్తే వస్తాయి, లేకపోతే హైదరాబాద్ ఉంది. వీళ్ల బెంగంతా ఒక్కటే: రోజూ ఆఫీసుకి వెళ్లే కారుకీ, రేసు ట్రాక్ మీద పరిగెత్తించే కారుకీ, అంటే అదే కారుకి, రెండు పనులకీ సరిపోయే బ్రేక్ ప్యాడ్, అంటే చక్రంతో తిరిగే డిస్కుని నొక్కి ఆపే ఆ పలక, ఏది?

మయూరి జంక్షన్ టీ కొట్టు దగ్గర మొన్న ఈ మహాసభ జరిగింది. ఒకడు పింగాణీ రకం సిరామిక్ ప్యాడ్ అన్నాడు. ఒకడు లోహం పొడి కలిపిన సెమీ మెటాలిక్ తప్ప ఇంకేదీ బతకదన్నాడు. మూడోవాడు ఫోన్ తీసి 700 డిగ్రీల దాకా తట్టుకునే రేస్ ప్యాడ్ చూపించి, దేవుడి పటం తిప్పినట్టు అందరి ముఖాల ముందూ తిప్పాడు. నాలుగోవాడికి కారు లేదు. అందుకే అందరికంటే గట్టిగా మాట్లాడింది అతనే.

సరే, ట్రాక్ అంటున్నారు కదా, ఎక్కడుంది నాయనా ఆ ట్రాక్? మద్రాసు దాటి శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఒకటి. ఇక్కణ్ణుంచి 800 కిలోమీటర్ల పైమాట. కోయంబత్తూరులో కరి స్పీడ్‌వే ఉంది, అది ఇంకా దూరం. గ్రేటర్ నోయిడాలో బుద్ధ సర్క్యూట్ ఉంది, ఒక్క చుట్టే 5 కిలోమీటర్ల పైన. హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ అనే కరెంటు కార్ల పందెం పెట్టారు. మరుసటి ఏడాది అదీ లేదు. అంటే మనవాడి కారు ట్రాక్ చూసేది ఏడాదికి ఒక ఆదివారం, అదీ మరదలి పెళ్లి అడ్డు రాకపోతే. మిగతా ఏడాదంతా కంటోన్మెంట్ నుంచి బ్యాంకుకి, బ్యాంకు నుంచి రైతుబజారుకి. ఆ ఒక్క ఆదివారం కోసం మిగతా రోజులన్నీ కారుకి యుద్ధసన్నాహం.

ఇందులో చిన్న చిక్కుంది. బ్రేక్ చేసే పనల్లా వేగాన్ని వేడిగా మార్చడం. టన్ను బరువున్న కారుని 100 కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారి ఆపితే పుట్టే వేడితో లీటరు నీళ్లు మరిగించొచ్చు. అదే కారుని 30 నుంచి ఆపితే ఆ నీళ్లు గోరువెచ్చన కూడా కావు. వేగం మూడింతలైతే వేడి తొమ్మిదింతలు, లెక్క అలాంటిది. ట్రాక్ మీద మలుపు మలుపుకీ అంత వేడి పుడుతూనే ఉంటుంది కాబట్టి రేస్ ప్యాడ్‌ని దానికి తగ్గట్టే తయారుచేస్తారు. వాటిలో చాలావాటికి బాగా వేడెక్కితేగానీ పూర్తి పట్టు రాదు. చల్లగా ఉన్నప్పుడు తొక్కితే చెక్కముక్క పెట్టి ఆపినట్టే.

ఇప్పుడు ఈ ప్యాడ్లు వేసుకున్న మహానుభావుడి ఆదివారం చూద్దాం.

వెనక సీట్లో అత్తగారు, ఒళ్లో గుడ్డ సంచి. కారు ఎదురు దిక్కున బయల్దేరింది. "రైతుబజారు ఇటు కదా అల్లుడుగారూ?" "ఇటేనండీ, కానీ ముందు ప్యాడ్లకి టెంపరేచర్ రావాలి." ఎవరికి జ్వరమో అని ఆవిడ కంగారు. కారు రింగ్ రోడ్డెక్కింది. ఎనభైకి లాగడం, ఇరవైకి తొక్కడం, మళ్లీ లాగడం, మళ్లీ తొక్కడం. తొక్కినప్పుడల్లా అత్తగారి నుదురు వెళ్లి ముందు సీటుకి తగులుతోంది. దారిన పోయేవాళ్లకి ఆవిడ వరసగా దణ్ణాలు పెడుతున్నట్టు కనబడుతోంది. మొత్తానికి ప్యాడ్లు వేడెక్కాయి. అల్లుడుగారు విజయగర్వంతో ఊళ్లోకి తిప్పారు. మూడు లాంతర్ల దగ్గర పెళ్లి ఊరేగింపు. బ్యాండువాళ్లు కదలరు, కుర్రాళ్లు డ్యాన్సు ఆపరు, పెళ్లికొడుకు దిగడు. పది నిమిషాల్లో ప్యాడ్లు చల్లారిపోయాయి. మనవాడు స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు. మళ్లీ రింగ్ రోడ్డు! అత్తగారు ఈసారి పైడితల్లి అమ్మవారి గుడి వైపు తిరిగి నిజంగానే దణ్ణం పెట్టారు.

రెండో విడత గంటస్తంభం దాకా వచ్చారు. అక్కడ ప్యాడ్లు అరిచాయి. అరుపంటే మామూలు కీచు కాదు, ఇనప బీరువాని గచ్చు మీద ఈడ్చినంత. హారన్ కొట్టినా, లారీ వచ్చినా కదలని గేదె లేచి పక్కకి వెళ్లింది. ట్రాఫిక్ కానిస్టేబుల్ ఈల ఊదడం మానేశాడు, ఇద్దరెందుకని. రైతుబజారు చేరేసరికి బెండకాయలు అయిపోయాయి. ముదిరిన ఆనపకాయ ఒక్కటి మిగిలింది. అది కొని, ఇంటికి వెళ్లే దారిలో అల్లుడుగారు అత్తగారికి విడమరిచి చెప్పారు: "అరుపు వచ్చిందంటే పెర్ఫార్మెన్స్ ఉన్నట్టండీ."

ఆ ప్యాడ్లు బిగించిన రోజు కథ వేరే ఉంది. కొత్త ప్యాడ్‌ని డిస్కుకి అలవాటు చెయ్యాలి. పూర్తిగా ఆగకుండా వేగం నుంచి పదేపదే తగ్గిస్తే ప్యాడ్ పదార్థం డిస్కు మీద పల్చటి పొరగా సమంగా పరుచుకుంటుంది, అప్పుడే పట్టు కుదురుతుంది. దాంట్లో తప్పేం లేదు, చెయ్యాల్సిందే. కానీ మనవాడు దానికి ఎంచుకున్న ముహూర్తం సాయంత్రం ఆరు, చోటు భోగాపురం నుంచి నాతవలస టోల్‌గేటు వెళ్లే హైవే. వెనక పలాస వెళ్లే లారీ. వందకి పోతాడు, ఉన్నట్టుండి తొక్కుతాడు, ఆగడు, మళ్లీ పోతాడు. టోల్‌గేటు లైన్లో లారీ డ్రైవరు దిగొచ్చి అద్దం మీద కొట్టాడు.

"ఏటి బావూ, తాగీసినావేటి?"

"లేదన్నా, కొత్త ప్యాడ్లు. అలవాటు చేస్తున్నాను."

"నీ ప్యాడ్లకి అలవాటు సేస్తన్నావు సరే, నా గుండెకి ఎవుడు అలవాటు సేస్తాడు?"

నా దృష్టిలో ఆ లారీ డ్రైవరు ఈ విషయంలో జిల్లాకే పెద్ద నిపుణుడు.

ఇంత హడావుడి చేసిన ఈ పెద్దమనిషిని నేను ఒకే ఒక్క మాట అడిగాను. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చావు? "అది మార్చాలా?" అన్నాడు. డబ్బా మూత తీయించి చూస్తే కాఫీ డికాక్షన్. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, మన కోస్తా గాలికి తేమ కొదవా? కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ హామీ 155కి పడిపోతుంది. ప్యాడ్ 700కి సిద్ధంగా కూర్చుంటే, దాన్ని నెట్టాల్సిన ఆయిల్ సగం దారిలోనే ఆవిరి బుడగలవుతుంది. అప్పుడు పెడల్ మెత్తగా నేల దాకా దిగిపోతుంది, కారు మాత్రం తన దారిన తను పోతుంది.

ఇక ఆ మహాప్రశ్నకి జవాబు. రెంటికీ పూర్తిగా సరిపోయే ప్యాడ్ లేదు. రోడ్డుకి కంపెనీ ప్యాడ్, ట్రాక్‌కి వేరే సెట్టు. ముందు చక్రాలవి విప్పి మార్చడం చెయ్యి తిరిగిన మెకానిక్‌కి గంట పని కూడా కాదు. ట్రాక్‌కి కొత్తవాడివైతే ఆ రెండో సెట్టు కూడా దండగ. కొత్త ఆయిల్ పోయించి, కాసేపు తిప్పి, చివరి చుట్టు బ్రేక్ తొక్కకుండా చల్లార్చుకుని బయటికి రా. ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. కానీ ఇది ఎవరికీ నచ్చదు, ఇందులో ఫొటో పెట్టుకోవడానికి ఏమీ లేదు మరి.

అసలు ఈ చుట్టుపక్కల బ్రేకులు కాలేది ఎక్కడో తెలుసా? ఎస్.కోట నుంచి అనంతగిరి మీదుగా అరకు వెళ్లే ఘాట్‌లో. ఆదివారం సాయంత్రం ఘాట్ కింద నిలబడితే వాసనే చెబుతుంది. బొంగు చికెన్ తిని, పెట్రోలు మిగుల్తుందని న్యూట్రల్‌లో దిగుతారు. కొందరు ఇంజనే ఆపేస్తారు. ఇంజను ఆగితే పెడల్‌ని తేలిక చేసే బూస్టర్ సాయం రెండు మూడు తొక్కుళ్లతో సరి, తర్వాత పెడల్ రాయి. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగరా అని పాత జీపు డ్రైవర్లు మొత్తుకుంటారు, వినేదెవరు? కిందికొచ్చి పొగలు కక్కుతున్న డిస్కు మీద మంచినీళ్ల సీసా కుమ్మరిస్తారు, అది వంకరపోవడానికో పగలడానికో.

వీళ్లైనా తమ కారులో తాము పోతారు. పొద్దున్న ఎనిమిదింటికి మన వీధుల్లో తిరిగే బడి ఆటోల సంగతేమిటి? పిల్లలు పక్కకి వేలాడుతుంటారు, డ్రైవరు సీటుకి అటొకడు ఇటొకడు. మలుపులో తొక్కితే గర్రుమని ఇనుము ఇనుమును రాసిన చప్పుడు. లైనర్, అంటే ఆటో బ్రేకులో ప్యాడ్ లాంటిది, ఎప్పుడో అరిగిపోయింది. ఆయిల్ తగ్గితే చేతికందిన ఇంజనాయిలే పోస్తాడు. దానికి లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడైపోతాయి. ఆ చప్పుడు వీధంతా వింటుంది. గుమ్మంలో నిలబడి టాటా చెప్పే తండ్రి కూడా వింటాడు. ఆ తండ్రే సాయంత్రం టీ కొట్టు దగ్గర సిరామిక్ మంచిదా, సెమీ మెటాలిక్ మంచిదా అని గొంతు చించుకుంటాడు. సిగ్గు లేదా? నీ కారుకి ట్రాక్ ప్యాడా? నీ కూతురు కూర్చున్న ఆటోకి లైనరే లేదయ్యా! ఎందుకు అడగవంటే నెలకి రెండొందలు తక్కువ తీసుకుంటున్నాడట. మరి ఆ బండి మీద ఫిట్‌నెస్ స్టిక్కరు అతికించిన చెయ్యి ఒక్కసారైనా ఆ పెడల్ నొక్కి చూసిందా?

ఈ మాట టీ కొట్టు దగ్గర అందరి ముందూ అనేశాను. నీ ఒక్క ట్రాక్ సెట్టు డబ్బు పెడితే మీ వీధికొచ్చే బడి ఆటోలన్నిటికీ లైనర్లు మారతాయని కూడా చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆ తండ్రి చాలా సీరియస్‌గా అడిగాడు:

"అయితే అన్నా, ఆటోకి సిరామిక్‌లో దొరుకుతాయేటి?"