పాత అంబాసిడర్ లాభాల బేరమన్న మాట అబద్ధం

వాట్సాప్‌లో ఒక సందేశం మళ్లీ మళ్లీ తిరుగుతోంది. మూలన పడ్డ అంబాసిడర్‌ను యాభై వేలకు కొనండి, రెండు లక్షలు పెట్టి రీస్టోర్ చేయించండి (ఏ మెకానికైనా చేస్తాడు), వింటేజ్ నంబర్ తీసుకుని రోజూ దర్జాగా తిరగండి, తర్వాత పదిహేను లక్షలకు అమ్మండి, ఇప్పటి రేకు డబ్బాలకన్నా ఆ ఇనుము వెయ్యి రెట్లు భద్రం అన్నది దాని సారం. అది నమ్మి కొన్నవాళ్లు డబ్బు సరిపోక మధ్యలో వదిలేసిన బండ్లు షెడ్ల వెనకాల డోర్లు ఊడి, వానకు తడుస్తున్నాయి. వాటిని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అందుకే ఒక్కో మాటకూ జవాబు చెప్పాలి.

ముందు వింటేజ్ నంబర్. కేంద్ర రవాణా శాఖ 2021 జులైలో తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన బండే వింటేజ్. మనకు ఇప్పుడు దొరికేవాటిలో ఎక్కువ భాగం మార్క్ 4, ఆ తర్వాతి మోడళ్లే. మార్క్ 4 వచ్చిందే 1979లో. అంటే ఆ మోడల్‌లో మొట్టమొదటి బండికైనా 2029 దాకా అర్హత రాదు. వయసు ఒక్కటే చాలదు కూడా. ఛాసిస్ (బండి బరువు మోసే చట్రం), బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. పెట్రోల్ ఇంజన్ పీకేసి డీజిల్ ఇంజన్ ఎక్కించిన అంబాసిడర్లు మన దగ్గర కొల్లలు. వాటికి ఆ దారి మూసుకుపోయినట్టే.

అన్నీ కుదిరి, 20,000 ఫీజు కట్టి, వీఏ అక్షరాలున్న నంబర్ తెచ్చుకున్నా రోజూ ఆఫీసుకు తీసుకెళ్లడానికి లేదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, మరమ్మతుకో మాత్రమే రోడ్డెక్కాలి. యాభై నిండని బండి చట్టం దృష్టిలో మామూలు పాత కారే. 15 ఏళ్లు దాటాక ఐదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్ చేయించాలి, బండిని ఫిట్‌నెస్‌కు చూపించాలి. 20 ఏళ్లు దాటిన కార్ల రెన్యువల్ ఫీజును 2025లో 10,000 చేశారు. పాత బండ్ల మీద కాలుష్యం పేరిట వేసే గ్రీన్ ట్యాక్స్ దానికి అదనం.

రెండు లక్షల లెక్క ఇంతకన్నా పెద్ద మోసం. ఈ బండి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అనే బ్రిటిష్ కారు నుంచి వచ్చింది. లారీకి ఉన్నట్టు కింద విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది. కాబట్టి డోర్ల కింద ఉండే బాక్సులు, ఫ్లోరు తుప్పు పట్టాయంటే అది అందానికి సంబంధించిన లోపం కాదు, బండి నడుమే విరిగినట్టు. చూడ్డానికి వెళ్లినప్పుడు మ్యాట్లు లేపి, ఫ్లోరు అంచుల్లో స్క్రూడ్రైవర్‌తో గట్టిగా నొక్కి చూడండి. పలచటి గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని మడ్‌గార్డుల మీద, డోర్ల అడుగున జరపండి. పట్టు వదిలిన చోటల్లా రంగు కింద పుట్టీ ఉంది. ఆ తర్వాత జాకీతో ఒక పక్క లేపి, ఆ పక్క డోరు తెరిచి మూసి చూడండి. కిందున్నప్పుడు సాఫీగా పడిన డోరు పైకి లేపాక పట్టేస్తుంటే బాక్సుల్లో పస లేదని అర్థం.

అలాంటి బండికి రంగు గీకి, కుళ్లిన రేకు కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేసే టింకరింగ్ మేస్త్రీ కావాలి. ఎన్ని రోజుల పనో రంగు గీకేదాకా ఆయనకూ తెలియదు. నా అంచనాలో ఆ రెండు లక్షలు బాడీ పనికి సరిపోతే అదృష్టమే. ఇంజన్ బోరింగ్, వైరింగ్, బ్రేకులు, బంపర్ల క్రోమ్, సీట్లు, రబ్బరు బీడింగులు ఇంకా మిగిలే ఉంటాయి. అందుకే ఇంజన్ పోయినా బాడీ గట్టిగా ఉన్న బండి కొనండి. ఇంజన్‌ను లేత్ షాపు బతికిస్తుంది.

భద్రత మాటకు 2009లోనే జవాబు దొరికింది. కార్లను ఢీకొట్టించి భద్రత పరీక్షించే అమెరికా సంస్థ ఐఐహెచ్ఎస్ 1959 షెవర్లే బెల్ ఎయిర్‌నూ 2009 షెవర్లే మాలిబూనూ గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా ఢీకొట్టించింది. బరువైన ఆ పాత కారు క్యాబిన్ నలిగిపోయింది, స్టీరింగ్ డ్రైవర్ బొమ్మ మీదికి వచ్చేసింది. మనిషే ఉంటే ప్రాణం దక్కేది కాదు. కొత్త కారులోని బొమ్మకు కాలి దెబ్బతో పోయేది. దెబ్బను ముందు భాగం నలిగి మింగాలి, లేకపోతే మనిషి మింగాలి. రేకు మందంతో ఆ పని జరగదు. పాత అంబాసిడర్‌లో ఎయిర్‌బ్యాగు లేదు, చాలావాటికి నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. సీట్లకు బెల్టులు బిగించకుండా పిల్లల్ని ఎక్కించకండి.

ఏ మెకానికైనా చేస్తాడన్నదీ నిజం కాదు. విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి, ఒప్పుకుంటాను. సీబీ పాయింట్ల (ఇంజన్‌కు నిప్పురవ్వ అందించే కాంటాక్టుల) గ్యాపు, పెట్రోల్‌నూ గాలినీ కలిపే కార్బొరేటర్ ట్యూనింగ్ చేతికి తెలిసినవాళ్లు మాత్రం తగ్గిపోతున్నారు. పైగా ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు పైపులు, ఇంజన్‌కు పెట్రోలు తోడే పంపులోని డయాఫ్రమ్ (పలచటి పొర) దానికి తట్టుకునేలా చేసినవి కావు. కొన్న వెంటనే వాటిని మార్పించండి. పైపు కారితే బండే తగలబడొచ్చు.

ఇక పదిహేను లక్షలు. అది ప్రకటనల్లో అడిగే ధర, చేతికొచ్చే ధర కాదు. 2014 దాకా దశాబ్దాలపాటు తయారైన కారుకు అరుదన్న విలువ ఊరికే రాదు. మంచి ధర పలికేవి తొలి మోడళ్లు, అదీ పుట్టినప్పటి ఇంజన్‌తో ఉన్నవి. కొనేవాడు మొదట అడిగేది ఆర్సీ. ఓనరు చనిపోయి, వారసుల పేరుకు మారని బండ్లు, వేరే రాష్ట్రం నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) లేకుండా వచ్చినవి చాలా ఉన్నాయి. ఛాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది ప్రింటు తీసుకోండి, ఇంజన్ నంబర్ రాసుకోండి, రెండూ ఆర్సీతో పోల్చండి. ఒక్క అంకె తేడా ఉన్నా, రంగు ఎంత మెరుస్తున్నా, అడ్వాన్సు ఇవ్వకండి.