అణు కరెంటు గారికి చెన్నై పెరంబూరు నుంచి ఒక ఇన్వర్టర్ యజమాని రాయునది

మహారాజశ్రీ అణు విద్యుత్తు గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ ఫ్రిజ్‌లో పాలు తప్ప మేమందరం క్షేమం.

మొన్న బుధవారం మా వీధికి మెయింటెనెన్స్ కట్. ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 వరకు అని పేపర్లో వేశారు. రెండైంది, మూడైంది, నాలుగున్నరా అయింది. ఫిర్యాదుల నంబరుకి చేస్తే "వందుడుం సార్, వందుడుం" (వచ్చేస్తుంది సార్, వచ్చేస్తుంది) అన్నారు. ఈలోగా ఇన్వర్టర్ కీచుమని ప్రాణం విడిచింది. బ్యాటరీ దగ్గర కూర్చుని చూస్తే నీటిమట్టం చూపించే బుడ్డీలన్నీ అడుగుకి దిగిపోయాయి. డిస్టిల్డ్ వాటర్ డబ్బా కొనుక్కొచ్చి, పాత క్యాలెండర్ కాగితం గరాటులా చుట్టి, ఒక్కో మూతా తిప్పి పోశాను. పోస్తే మాత్రం ఏం లాభం? ఛార్జింగ్ ఎక్కాలంటే కరెంటు కావాలిగా!

అది కరెంటు ఆఫీసు గొడవ, మధ్యలో నాకెందుకు రాస్తున్నావంటారు. తీగలు వాళ్ళవే. మాటిచ్చింది మాత్రం మీరు. పైగా నాకు పొరుగువారు. నగరం దాటి ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద దక్షిణంగా వస్తే, ఓ 70 కిలోమీటర్ల దూరంలో కల్పాక్కంలో సముద్రపు గాలి పీలుస్తూ ఉంటారు.

1954లో అమెరికా అణుశక్తి సంఘం అధ్యక్షుడు స్ట్రాస్ గారు, మన పిల్లల కాలానికి కరెంటు మీటర్లే పెట్టక్కర్లేనంత చౌకవుతుందన్నారు. అదే ఏడు ఇక్కడ మన అణు కార్యక్రమానికి ఆద్యుడు హోమీ భాభా గారు, 1980 నాటికి 8,000 మెగావాట్ల అణు కరెంటు అన్నారు. 1980 వచ్చింది. తారాపూరు, రావత్‌భాటా అణు కేంద్రాలన్నీ కూడినా వెయ్యి దాటలేదు. ఎనిమిది వేలు దాటింది 2024లో. 8,180 మెగావాట్లు. కాకపోతే ఈలోగా జనాభా పెరిగింది, ఏసీలు పెరిగాయి, దేశం కరెంటులో మీ వాటా 3 శాతం దగ్గరే ఉండిపోయింది. మా మీటరు మాత్రం గిరగిరా తిరుగుతోంది.

మీకు అడ్డంకులు లేవనను. 1974లో పోఖ్రాన్ పేలుడు తర్వాత, అప్పటిదాకా సాయం చేసిన కెనడా వాళ్ళు చేతులు దులిపేసుకుంటే, మనవాళ్ళు తంటాలు పడి కల్పాక్కంలో సొంతంగా కట్టుకున్నారు. ఆ ఆలస్యానికి పైసా వడ్డీ అడగను. నాకు నిద్ర పట్టనివ్వనిది అదే కల్పాక్కంలోని ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్. కాల్చిన దానికంటే ఎక్కువ ఇంధనం పుట్టిస్తుందట. వడ్డిస్తున్నకొద్దీ పెరిగే అక్షయపాత్ర అన్నమాట. 500 మెగావాట్లు. 2004లో పని మొదలైంది, 2010కి సిద్ధం అన్నారు. పని మొదలైన ఆ 2004 డిసెంబరులోనే సునామీ నీళ్ళు వచ్చి పునాది గోతిలో నిండాయి. పాపం, అది మీ తప్పు కాదు. ఆ నీళ్ళు తోడేశాక మిగిలిన ఏళ్ళ సంగతేంటి? 2010 వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఏ ఏడాది పేపరు తీసినా "వచ్చే ఏడాది". 3,492 కోట్లన్న ఖర్చు 5,677 కోట్లయింది, అక్కడా ఆగలేదు. ఇంధనం నింపే పని లాంఛనంగా మొదలుపెట్టడానికే 2024 మార్చి వచ్చింది, దానికి ప్రధానమంత్రి స్వయంగా విచ్చేశారు. ఇంధనం నింపడానికే ఇంత సందడా సార్? మా వీధి చివర బంకులో రోజూ నింపుతున్నారు, కౌన్సిలర్ కూడా రాడు.

విచిత్రం ఏమిటంటే, 1974లోనూ 1998లోనూ ఎవరికీ చెప్పకుండా దాచిన బాంబులు అనుకున్నట్టే పేలాయి. ఊరంతా చాటింపు వేసిన కరెంటే రాదు.

చిన్నచిన్నవి చాలా ఉన్నాయి. కైగా, నరోరా, కాక్రాపార్, ఏ అణు కేంద్రం ఏ రాష్ట్రంలో ఉందో జతపరచండని మా తరం బుర్ర తిన్నారు. అమెరికా వీసా ఫారంలో అణు విద్యల్లో అనుభవం ఉందా అని అడుగుతారు. మనవడి పురిటికి బయల్దేరిన మా వదినగారు ఆ ప్రశ్న దగ్గర టెన్షన్ పడి అర గంట ఆలోచించారు.

ఉన్నది చెప్పుకోవాలి కనుక చెబుతున్నా. మా నాన్న కొన్న మొదటి టీవీ మీ శాఖవారి ఈసీఐఎల్‌దే. చెక్క పెట్టె, నలుపు తెలుపు బొమ్మ, మీద ఇత్తడి చెంబు పెట్టినా చెక్కుచెదరలేదు. ముంబై ట్రాంబేలోని మీ పరిశోధన కేంద్రంలో రేడియేషన్ సాయంతో పుట్టించిన టీఏజీ-24 వేరుశనగ మన ఆంధ్ర పొలాలకీ వచ్చింది. క్యాన్సర్‌కి రేడియేషన్ ఇచ్చే కోబాల్ట్ మిషను కింద పడుకుని లేచి ఇంటికొచ్చిన మా మేనత్త ఇంకా నన్ను తిడుతూనే ఉంది. వీటికి మీకు వెయ్యి దణ్ణాలు. అసలు పని తప్ప కొసరు పనులన్నీ భేషుగ్గా చేస్తారు.

కానీ 2012 సంగతి మాత్రం మింగుడు పడదు. అప్పుడు చెన్నైలో రోజుకి రెండు గంటల కోత, జిల్లాల్లో అంతకంటే ఘోరం. ఎవర్ని కదిలించినా, తమిళనాడు దక్షిణ కొసన కడుతున్న అణు కేంద్రం పేరు చెప్పి "కూడంకుళం వస్తే చాలు" అనేవారు. నేనూ అన్నాను. దాని పక్క ఊరు ఇడిందకరై జాలర్లు మాకు భయంగా ఉంది, మా వేట ఏమవుతుందని సముద్రపు ఒడ్డున కూర్చుంటే, వేల మంది మీద రాజద్రోహం కేసులు పెట్టారు. వలలు అల్లుకునే ఆడవాళ్ళు రాజద్రోహులట! ఎందుకయ్యా అంటే పట్నం వాళ్ళకి కరెంటు కావాలి అన్నారు. ఏమయ్యా, ఆ పట్నం వాణ్ణి నేనే. నా ఫ్యాను పేరు చెప్పి వాళ్ళని కోర్టుల చుట్టూ తిప్పారు, నా ఫ్యాను తిరిగిందా? కడప తుమ్మలపల్లెలో యురేనియం తవ్వుతుంటే పక్క ఊళ్ళ వాళ్ళు బోరు నీళ్ళు పాడయ్యాయని మొత్తుకుంటున్నారు. శ్రీకాకుళం కొవ్వాడలో ఆరు రియాక్టర్లని ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేయమన్నారు. వాళ్ళని అడిగేటప్పుడు నా పేరు వాడకు. నేనెప్పుడూ సంతకం పెట్టలేదు.

సరే, ఇప్పుడు 2047కి 1,00,000 మెగావాట్లు అంటున్నారట. శుభం. 1980 నాటి మాట 2024లో తీరింది కదా, ఆ లెక్కన దీన్ని 2091కి రాసుకున్నాను. అప్పటికి నేనుండను. మా మనవడికి నమ్మకమైన బ్యాటరీ మెకానిక్ ఫోన్ నంబరు ఇచ్చి పోతాను.

ఇట్లు,
తమ విధేయ వినియోగదారుడు