కరాచీ జైల్లో మన మత్స్యకారులు: ‘మతం వల్లే’ అన్న మాటలో నిజమెంత?

భావనపాడు నుంచి భోగాపురం దాకా తీరమంతా ఫోన్లలో ఒక మెసేజ్ తిరుగుతోంది: "మనవాళ్లు హిందువులు కాబట్టే పాకిస్తాన్ పట్టుకుంటోంది. ఒకే మతం దేశాలన్నీ ఒక్కటే. ఎన్ని అర్జీలు పెట్టినా వాళ్లు వదలరు." మూడు మాటలూ తప్పే. మూడోదాన్ని నమ్మితే మాత్రం కొంప మునుగుతుంది.

మొదటి మాట. అరేబియా సముద్రంలో రెండు దేశాలూ ఒప్పుకున్న హద్దే లేదు. సర్ క్రీక్ అనే 96 కిలోమీటర్ల పాయ ఎవరిదో తేలలేదు కాబట్టి, అక్కణ్నుంచి సముద్రంలోకి గీయాల్సిన గీతా తేలలేదు. గుజరాత్‌లోని వెరావల్ రేవుకి వలసెళ్లి బోటెక్కిన మన ఖలాసీ, అంటే బోటు కూలీ, చేప ఎటుంటే అటే వెళ్తాడు. వల నీళ్లలో ఉండగా బోటు గబుక్కున తిరగదు. ఇంజను ఆగితే నీటి వాలు ఎటు లాగితే అటే. జీపీఎస్ ఉన్నా దాన్ని చూసుకునేది బోటు నడిపే తండేలు. మన దేశమూ అటు బోట్లను పట్టుకుంటుంది: 2025 జనవరి 1న మార్చుకున్న ఖైదీల జాబితాల ప్రకారం అక్కడ మన మత్స్యకారులు 217 మంది, ఇక్కడ వాళ్లవాళ్లు 81 మంది.

రెండో మాటకి పెద్ద జవాబు అక్కర్లేదు. 2024 జనవరిలో ఇరాన్, పాకిస్తాన్ ఒకదాని మీద ఒకటి దాడి చేసుకున్నాయి. రెండూ ఇస్లామిక్ రిపబ్లిక్కులే. రామేశ్వరం ట్రాలరు అడుగు వల లాగితే తెగేది శ్రీలంకలోని జాఫ్నా జాలరి వల. ఇద్దరిదీ తమిళమే, దేవుళ్లూ వాళ్లే. అలాగని మతానికి పనే లేదనీ అనలేం. పుల్వామా దాడి జరిగిన ఏడాదే, 2019 నవంబరు 9న, పాకిస్తాన్‌లోని సిక్కుల గురుద్వారాకి వెళ్లే కర్తార్‌పూర్ దారి తెరిచారు. 2025 మేలో మన ప్రభుత్వమే మూసింది. భక్తి మారలేదు, మారింది ప్రభుత్వాల అవసరం.

ఇక మూడోది. 2008 మే 21న రెండు దేశాలూ ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు మార్చుకోవాలి. పట్టుబడ్డ మూడు నెలల్లోపు మన దౌత్యాధికారిని కలవనివ్వాలి. శిక్ష పూర్తయి, పౌరసత్వం ఖాయమయ్యాక నెలలోపు పంపెయ్యాలి. గడువులు చాలాసార్లు దాటిపోతాయి, నిజమే. కానీ 2018 నవంబరులో పట్టుబడ్డ మనవాళ్లలో 20 మంది 2020 జనవరి 6న వాఘా దాటి వచ్చారు. కశ్మీర్ గొడవతో సంబంధాలు పూర్తిగా చెడిన రోజులవి. బంగ్లాదేశ్‌తోనూ అంతే, మాటామాటా పెరిగిన కాలంలోనే, 2025 జనవరి 5న, మనవాళ్లు 95 మంది ఇటు, వాళ్లవాళ్లు 90 మంది అటు వెళ్లారు.

ఈ దారిలో మన చేతిలో ఉన్న మెట్టు పౌరసత్వ నిర్ధారణ. జైల్లో చెప్పిన పేరు, ఊరు దౌత్య కార్యాలయం నుంచి ఢిల్లీకి, అక్కణ్నుంచి జిల్లాకి వచ్చి, చివరికి పోలీసులు మీ ఇంటి తలుపు కొడతారు. తేడా వచ్చేది ఇక్కడే: ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, వేటకి వెళ్లేముందు గుజరాత్‌లో ఇచ్చే బోటు టోకెన్‌లో ఇంటిపేరే ఉండదు, తండ్రి పేరు ఇంకోలా రాసుంటుంది. అప్పుడు కాగితం వెనక్కి తిరుగుతుంది, నెలలు పోతాయి.

వలస బయల్దేరే ముందే ఆధార్, రేషన్ కార్డు, మత్స్యకార గుర్తింపు కార్డుల్లో పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి. బోటు నంబరు, యజమాని ఫోను, టోకెన్ ఫోటో ఇంట్లో ఆడవాళ్ల దగ్గర ఉంచండి. కబురు తెలిసిన రోజే ఆ నకళ్లు కలెక్టరేటుకీ, మత్స్యశాఖకీ ఇచ్చి రసీదు తీసుకోండి.