రేబిస్ రోగి రాక్షసుడు కాడు

రామంతపూర్‌లో మా వీధి చివరి ఇంట్లో ఎనిమిదేళ్ల బాబును కుక్క కరిచింది. పిక్క మీద రెండు పళ్ల గాట్లు, కాస్త నెత్తురు. వాళ్లమ్మ ఆ పూటే నారాయణగూడలో కుక్కకాటు టీకాలు వేసే ప్రభుత్వ సంస్థ ఐపీఎంకు తీసుకెళ్లింది. గాయం చుట్టూ సీరం (తయారుగా ఉన్న యాంటీబాడీలు) ఇంజెక్షన్ చేశారు, టీకా వేశారు. మూడో రోజు కూడా తీసుకెళ్లింది. ఏడో రోజు తీసుకెళ్లలేదు. తొమ్మిదో రోజు సాయంత్రం బాబును చూడటానికి వెళ్తే, టీకా కార్డు ఫ్రిజ్ తలుపుకు అతికించి ఉంది. మొదటి రెండు గళ్లలో నీలి సిరాతో సంతకాలు. మూడో గడి ఖాళీ.

"ఏమైందమ్మా?" అని అడిగితే ఫోను నా చేతిలో పెట్టింది. "అక్కా, మీరు కాలేజీలో ఈ పాఠాలే చెబుతారు కదా. చదివి చెప్పండి. నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు."

ఆ మెసేజి అప్పటికే నాకు మూడు గ్రూపుల్లో వచ్చింది. చదవని వారి కోసం దాని సారాంశం ఇది: నిన్న రాత్రి హైదరాబాదులోని ఒక టీకా ల్యాబులో, రేబిస్ మీద ప్రయోగాలు చేసే శాస్త్రవేత్తకు కొత్త రకం వైరస్ సోకింది. రెండు గంటల్లో అది మెదడుకు ఎక్కింది. తోటివాళ్లంతా తనను చంపడానికి కుట్ర పన్నారని అనుమానించి అతను ముగ్గురిని కత్తితో పొడిచాడు. అతని ఊపిరి తగిలిన పదకొండు మంది కూడా అలాగే మారిపోయారు. ప్రభుత్వం దాచిపెట్టింది. నిప్పు లేనిదే పొగ రాదు. కుక్కకాటు టీకాలు ఇప్పుడు వేయించుకోవద్దు, ఆ వైరస్ వాటిలో కలిసింది. వెంటనే పదిమందికి పంపండి.

నేను ఇరవై ఏళ్లుగా మైక్రోబయాలజీ చెబుతున్నాను. ఆ ఖాళీ గడిని చూశాక ఊరుకోలేకపోయాను. ఒక్కో మాటే తీసుకుంటాను.

"నిన్న రాత్రి, ఒక ల్యాబులో." ఈ మెసేజి నాకు మొదట వచ్చి నెల దాటింది. నెల కిందటా 'నిన్న రాత్రే', ఇవాళా 'నిన్న రాత్రే'. తేదీ లేదు, ల్యాబు పేరు లేదు, పోలీసు స్టేషన్ పేరు లేదు, గాయపడిన ముగ్గురిని చేర్చిన ఆసుపత్రి పేరు లేదు. ఎవరూ వెళ్లి సరిచూడటానికి వీలు లేకుండా అల్లిన వాక్యమిది.

"రెండు గంటల్లో మెదడుకు ఎక్కింది." రేబిస్ గురించి ఓనమాలు తెలిసినవారు ఈ మాట రాయరు. ఈ వైరస్ నెత్తుటిలో కలిసి ఒళ్లంతా పరుగెత్తేది కాదు. కాటు పడినచోట కండరంలో చేరి, అక్కడి నరం కొసను పట్టుకుని, ఆ నరం వెంబడే వెన్నుపాముకు, అక్కడినుంచి మెదడుకు పాకుతుంది. రోజుకు మిల్లీమీటర్ల లెక్కన, మహా అయితే కొన్ని సెంటీమీటర్లు. అందుకే కాటుకూ జబ్బు బయటపడటానికీ మధ్య మామూలుగా రెండు మూడు నెలలు పడుతుంది. వారంలోనే బయటపడినవీ ఉన్నాయి, ఏడాది పట్టినవీ ఉన్నాయి.

ఈ నెమ్మది వల్లనే మనం బతికి బయటపడుతున్నాం. 1885 జూలై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ టీకా వేయించిన జోసెఫ్ మైస్టర్‌కు తొమ్మిదేళ్లు. పిచ్చికుక్క కరిచి అప్పటికి రెండు రోజులైంది. అయినా బతికాడు. కాటు పడిన తర్వాత వేసే టీకా పనిచేస్తున్నదంటే, వైరస్ మెదడును చేరేలోగా ఒంట్లో రక్షణ తయారు కావడానికి వ్యవధి ఉంది కాబట్టే. రెండు గంటల్లో మెదడుకు ఎక్కేదే అయితే నారాయణగూడలో రోజూ అంతంత క్యూలు ఎందుకు?

'ఇది కొత్త రకం కదా' అంటారేమో. అదే కుటుంబంలో వేగంగా చంపే వైరస్ ఒకటి నిజంగానే ఉంది, దాన్ని తెలుగు నేల చూసింది కూడా. చండీపుర వైరస్. 1965లో నాగపూర్ దగ్గరి చండీపుర అనే ఊళ్లో మొదట దొరకడం వల్ల ఆ పేరు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు మెదడువాపు వస్తే 183 మంది పోయారు. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ శాస్త్రవేత్తలు కారణం చండీపుర అని తేల్చారు. దాన్ని మోసేది ఇసుక ఈగ. ఆ పిల్లలకు వచ్చినవి జ్వరం, వాంతులు, ఫిట్స్, ఆ తర్వాత కోమా. చాలామంది ఒకటి రెండు రోజుల్లోనే పోయారు. ఇంత వేగంగా మెదడును దెబ్బతీసే వైరస్ మనిషిని కూలదోస్తుంది. కుట్రలు ఊహించుకుని, కత్తి వెతికి, ముగ్గురిని వెంటాడే ఓపిక ఆ ఒంట్లో మిగలదు.

"అనుమానంతో ముగ్గురిని పొడిచాడు." నాకు ఎక్కువ బాధ కలిగించింది ఈ వాక్యమే. ఇందులో పిసరంత నిజం ఉంది కాబట్టి నిదానంగా చెప్పాలి. మెదడుకు వాపు వస్తే భయం, భ్రమ, ఆందోళన కలగడం నిజమే. రేబిస్‌లో రెండు రూపాలున్నాయి. ఒకదానిలో మనిషి చచ్చుబడిపోతాడు. రెండోదానిలో ఉద్రేకం, నీళ్లంటే, గాలంటే భయం. ఆ ఉద్రేకం ఎలా ఉంటుందో ఒక్కసారి కళ్లారా చూశాను.

ఎం.ఎస్సీ. చదివే రోజుల్లో నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి వెళ్లాం. పాతవాళ్లు దాన్ని ఇప్పటికీ కోరంటి దవాఖానా అంటారు. క్వారంటైన్ అన్న మాటే జనం నోళ్లలో నలిగి కోరంటి అయింది. ఒక గదిలో నలభై ఏళ్ల రైతు. రెండు నెలల కిందట కుక్కపిల్ల గీరితే పసుపు పెట్టుకుని ఊరుకున్నాడట. మే నెల ఎండల్లో కూడా ఆ గదిలో ఫ్యాను ఆపేసి ఉంది, గాలి తగిలితే గొంతు బిగుసుకుపోతోంది. దాహంతో పెదవులు పగిలి ఉన్నాయి. నర్సు స్టీలు గ్లాసులో నీళ్లు తెచ్చింది. రెండు చేతులతో పట్టుకుని, కళ్లు మూసుకుని, పెదవుల దాకా తెచ్చుకున్నాడు. మెడ నరాలు తాళ్లలా లేచాయి, ఒళ్లంతా విల్లులా వంగింది, నీళ్లు పక్క మీద ఒలికాయి. ఆ కుదుపు తగ్గాక అతను మొదట అన్న మాట, "పక్క తడిపేశానమ్మా." ఆ తర్వాత నర్సుతో అన్నాడు, "నా చేతులు కట్టెయ్యండి. నాకు తెలియకుండా ఎవరినైనా గీరుతానేమో. పిల్లలను మాత్రం లోపలికి రానివ్వకండి."

మర్నాటికి అతను లేడు.

రేబిస్ రోగికి కుదుపుకూ కుదుపుకూ మధ్య తెలివి ఉంటుంది. తనకేం జరుగుతున్నదో తెలుస్తూనే ఉంటుంది, ఈ జబ్బులోని క్రూరత్వం అదే. 'కుక్కలా మొరుగుతాడు' అని మన ఊళ్లలో చెప్పుకునేది, బిగుసుకుపోయిన గొంతులోంచి వచ్చే బొంగురు చప్పుడు. రోగి కరవడం వల్ల మరొకరికి రేబిస్ వచ్చినట్టు ఇంతవరకు ఒక్క కేసు కూడా నిర్ధారణ కాలేదు. మనిషి నుంచి మనిషికి వచ్చినట్టు రుజువైనవి కంటి కార్నియా, ఇతర అవయవాల మార్పిడి వల్ల వచ్చినవే.

ఇంకొక సంగతి. రేబిస్ కాకుండా, మనిషి ఉన్నట్టుండి అందరినీ అనుమానించడం మొదలుపెట్టే మెదడు జబ్బులు కొన్ని ఉన్నాయి. హెర్పిస్ వైరస్ వల్ల వచ్చే మెదడువాపు ఒకటి. దానికి ఎసైక్లోవిర్ అనే మందు ఉంది, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. మన ఒంటి రక్షణ వ్యవస్థే మెదడు కణాల మీద సంకేతాలు అందుకునే ఎన్ఎండీఏ గ్రాహకాల మీద తిరగబడే జబ్బు మరొకటి. 2007లో గుర్తించారు, ఎక్కువగా యువతులకు వస్తుంది, చికిత్సతో చాలామంది కోలుకుంటారు. ఇలాంటి పిల్లను మన వాళ్లు ఇప్పటికీ 'గాలి సోకింది' అని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్తున్నారు. ఇకమీదట ఈ మెసేజి చదివినవారు ఆ పిల్లను గదిలో పెట్టి గొళ్లెం వేస్తారు. పోయేది ఆ పిల్ల ప్రాణం.

"ఊపిరి తగిలిన పదకొండు మంది మారిపోయారు." రేబిస్ గాలి ద్వారా సోకిన ల్యాబు ప్రమాదాలు రెండు నమోదయ్యాయి, రెండూ అమెరికాలోనే, 1972లో ఒకటి, 1977లో ఒకటి. వైరస్ దట్టంగా ఉన్న ద్రవం తుంపరలుగా లేచి ముక్కులోకి వెళ్లడం వల్ల జరిగినవి. వారి ఊపిరి వల్ల ఇంకెవరికీ రాలేదు. ఆ పాఠాల వల్లే ఈ పని ఇప్పుడు గాలి బయటికి రాకుండా వడకట్టే క్యాబినెట్ల లోపల చేస్తారు. రేబిస్ వైరస్‌తో పనిచేసేవారికి ముందుగానే టీకాలు వేస్తారు, రక్తంలో యాంటీబాడీలు మిల్లీలీటరుకు 0.5 యూనిట్ల కంటే తగ్గాయేమో పరీక్షిస్తూ ఉంటారు. రేబిస్ నుంచి ఈ నగరంలో అందరికంటే ఎక్కువ రక్షణ ఉన్నది వారికే.

"ప్రభుత్వం దాచిపెట్టింది." ప్రభుత్వాలు దాచవని నేను అనను. 1979లో సోవియట్ నగరం స్వెర్డ్‌లోవ్‌స్క్‌లో సైనిక ల్యాబు నుంచి ఆంత్రాక్స్ అనే ప్రాణాంతక సూక్ష్మజీవి బయటపడి కనీసం 66 మంది పోతే, చెడిపోయిన మాంసం తిన్నారని ఏళ్ల తరబడి బుకాయించారు. కానీ అక్కడ కూడా చనిపోయినవారికి ఇళ్లున్నాయి, సమాధుల మీద పేర్లున్నాయి. పదేళ్లకు పైగా గడిచాక నిజం బయటికి లాగినవారు ఆ ఇళ్లకే వెళ్లి అడిగారు. ఈ మెసేజిలోని పద్నాలుగు మందికి ఇల్లు ఎక్కడ? వారి కోసం ఏడ్చేవారు ఎక్కడ?

ల్యాబుల్లో ప్రమాదాలు జరిగాయి. 1967లో జర్మనీలోని మార్బర్గ్, ఫ్రాంక్‌ఫర్ట్, అప్పటి యుగోస్లావియాలోని బెల్‌గ్రేడ్ నగరాల్లో, ఉగాండా నుంచి తెచ్చిన కోతుల వల్ల 31 మందికి కొత్త వైరస్ సోకి ఏడుగురు పోయారు. 1978లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో, మశూచి ల్యాబున్న భవనంలోనే పనిచేసే జానెట్ పార్కర్ అనే ఫోటోగ్రాఫర్‌కు మశూచి సోకింది. ప్రపంచంలో మశూచితో చనిపోయిన చివరి మనిషి ఆమె. ఆ ల్యాబు అధిపతి హెన్రీ బెడ్సన్‌కు ఏ వైరస్సూ సోకలేదు. ఆయన ఎవరి మీదా కత్తి ఎత్తలేదు. ఇంట్లో క్వారంటైన్‌లో ఉండగా, నింద మోయలేక, ఆమె కంటే కొద్ది రోజుల ముందే ఆత్మహత్య చేసుకున్నారు. శాస్త్రవేత్త, ప్రమాదం, మనసు చెదరడం, మూడూ కలిసిన నిజమైన కథ నాకు తెలిసి ఇదే. 2001లో అమెరికాలో ఆంత్రాక్స్ పొడి పెట్టిన ఉత్తరాల వల్ల ఐదుగురు చనిపోయారు, అది ఒక సైనిక ల్యాబు శాస్త్రవేత్త పని అని ఎఫ్‌బీఐ తేల్చింది. దాన్ని ఎవరైనా గుర్తు చేస్తే, అతనికి కూడా ఏ జబ్బూ సోకలేదని చెప్పండి.

"నిప్పు లేనిదే పొగ రాదు." 2018 మేలో ఇదే హైదరాబాదులో, పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఫోన్లలో మెసేజిలు వచ్చాయి. ముఠా లేదు. చాంద్రాయణగుట్టలో జనం ఒక ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని కొట్టి చంపారు. అక్కడ పొగే నిప్పయింది.

"టీకాలో ఆ వైరస్ కలిసింది." ఈ మెసేజిలో ప్రాణం తీసే వాక్యం ఇది. ఇప్పటి రేబిస్ టీకాలో ఉండేది చంపేసిన వైరస్. కణాలలో పెంచి, రసాయనంతో నిర్జీవం చేసి, శుద్ధి చేస్తారు. ఒంట్లో పెరిగే శక్తి దానికి లేదు. టీకా అంటే జనానికి ఉన్న జంకు ఎక్కడిదో నాకు తెలుసు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని మా నాన్న తరం చెప్పుకునేది. అది గొర్రె మెదడు నుంచి తీసిన పాత టీకా. కొందరికి నరాల జబ్బులు తెచ్చిన మాట వాస్తవమే. ఆ టీకాను మన దేశంలో 2004లోనే ఆపేశారు. ఇప్పుడు వేసేది భుజానికి. చర్మంలోకి అయితే 0, 3, 7, 28 రోజుల్లో, కండరంలోకి అయితే 14వ రోజు కూడా కలిపి ఐదుసార్లు. కాటు పడగానే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం ఏవీ పెట్టకూడదు. ప్రపంచంలో రేబిస్‌తో పోయేవారిలో దాదాపు 36 శాతం మన దేశంవారే. లక్షణాలు మొదలైతే ఏ వైద్యుడూ చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. అలాంటి జబ్బుకు దొరికిన ఒక్క ఆసరాను ఈ మెసేజి రాసినవారు ఒక తల్లి చేతిలోంచి లాగేశారు.

ఇదంతా బాబు వాళ్లమ్మకు ఇంత వివరంగా చెప్పలేదు. "రెండు రోజులు ఆలస్యమైంది, ఫరవాలేదు. మళ్లీ మొదటినుంచి వేయనక్కర్లేదు, ఆగినచోటి నుంచి వేస్తారు. పొద్దున్నే వెళ్దాం పద" అన్నాను. "ఏడో రోజు దాటిపోయింది కదక్కా, తిడతారేమో" అంది. ఎవరూ తిట్టలేదు. బాబు రెండు భుజాలూ చూపించాడు, రెండో సూదికి మాత్రం కళ్లు గట్టిగా మూసుకున్నాడు. నర్సు మూడో గడిలో తేదీ వేసి సంతకం చేసింది. నాలుగో గడిలో ఎప్పుడు రావాలో పెన్సిలుతో రాసి, ఆ తేదీ చుట్టూ గుండ్రంగా గీత గీసి, కార్డు బాబు చేతికే ఇచ్చింది.