కొబ్బరి తోట నీడలో కొంకిపురుగు

బెల్లం ఎక్కువ తింటే కడుపులో పురుగులు పడతాయని గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ పిల్లల చేతిలోంచి ముక్క లాక్కునే పెద్దలున్నారు. బెల్లానికీ పురుగులకూ సంబంధం లేదు. పురుగు గుడ్డు మనిషి మలంతో నేలకు చేరి, ఆ నేల నుంచే మరో మనిషిని వెతుక్కుంటుంది.

ఆడ ఏలికపాము (పేగులో పెరిగే పొడవాటి పురుగు) రోజుకు సుమారు 2 లక్షల గుడ్లు పెడుతుంది. అవి తడిమట్టిలో రెండు మూడు వారాలు ముదిరితేనే అంటుకుంటాయి. కాబట్టి పక్కన కూర్చున్నంత మాత్రాన ఈ జబ్బు రాదు; మట్టి అంటిన వేళ్లు, సరిగా కడగని ఆకుకూరలు దాన్ని నోటికి అందిస్తాయి. కొంకిపురుగు (హుక్‌వార్మ్) దారి వేరు. దాని పిల్ల వట్టి పాదం చర్మాన్ని తొలుచుకుని రక్తంలో కలిసి, ఊపిరితిత్తులు దాటి, గొంతులోకి పాకి, అక్కడ మింగుడుపడి పేగుకు చేరుతుంది. పేగు గోడను కరిచి ఏళ్ల తరబడి రక్తం పీలుస్తుంది. నేలలో ఉన్న దాని పిల్ల ఎండకు చస్తుంది, నీడ, తేమ, గుల్ల నేల ఉంటే బతుకుతుంది. కోనసీమ కొబ్బరి తోటలో ఈ మూడూ పుష్కలం. అక్కడ చెప్పుల్లేకుండా తిరిగేది కాయలు దింపే, ఒలిచే కార్మికులు.

2015లో మొదలైన నులిపురుగుల నిర్మూలన దినోత్సవం మంచి కార్యక్రమమే. ఏటా ఫిబ్రవరి, ఆగస్టు 10 తేదీల్లో ఏడాది నుంచి 19 ఏళ్ల వయసు వారికి ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. అయితే అది ఆ రోజు పేగులో ఉన్న పురుగును చంపుతుంది తప్ప మర్నాడు పాదంలోంచి ఎక్కేదాన్ని ఆపలేదు.

ఇక మరుగుదొడ్లు. ఇంటింటికీ దొడ్డి వచ్చిందని సంతోషించాం కానీ, దాని గొట్టం ఎక్కడ తేలుతోందో అడగలేదు. వానాకాలంలో కొద్ది అడుగులు తవ్వితేనే నీళ్లు ఊరే నేల ఇది. గుంత ఇంకదు. అప్పుడు గొట్టాన్ని ఇంటి పక్క బోదె(చిన్న పంట కాలువ)లోకో మురుగు కాలువలోకో తిప్పేస్తారు. ఆ ఇంటివారిని నిందించలేను, వాళ్లకు మరో దారి చూపినవారు లేరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక అల్లుకున్న కాలువల నీరే ఎన్నో ఊళ్ల మంచినీళ్ల చెరువుల్లోకి వెళుతుంది. ఏలికపాము గుడ్లు మామూలు మోతాదు క్లోరిన్‌కు లొంగవు, కాచిన నీటిలో చస్తాయి. 2022 జూలైలోలా వరద లంకలను ముంచినప్పుడు దొడ్డి, బోదె, పెరడు అన్న తేడా కూడా ఉండదు.

పంచాయతీలు కట్టిన దొడ్ల లెక్కతో పాటు గొట్టాల లెక్క కూడా తీయాలి. నీరు నిలిచే చోట మెరకపై గుంతలు కట్టించాలి. తేయాకు కూలీల వంటి ముప్పు ఎక్కువున్న పనివారికీ నులిపురుగుల మందు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బడికి మాత్రల డబ్బా తీసుకెళ్లే ఆరోగ్య కార్యకర్త, పరీక్ష చేసి అదే మాత్రను కొబ్బరి తోటలోనూ ఇవ్వవచ్చు.