అద్దెకు పిల్లులు, అడగలేని మనుషులు

జపాన్ దర్శకురాలు నావోకో ఒగిగామి 2012లో తీసిన ‘రెంటానెకో’ సినిమాలో కథ చాలా చిన్నది. బామ్మ చనిపోయాక పాత ఇంట్లో పిల్లులతో మిగిలిపోయిన సయోకో, వాటిని బండిలో పెట్టుకుని నదిగట్టు వెంట తిరుగుతుంది. ఒంటరివాళ్లకు పిల్లుల్ని అద్దెకిస్తానని మైకులో కేకలు వేస్తుంది. పిల్లలు వెక్కిరిస్తారు. పక్కింటావిడ దెప్పుతుంది. ఆ పక్కింటావిడగా వేసింది మగ నటుడు కత్సుయా కొబయాషి. సయోకోగా మికాకో ఇచికావా ముఖంలో అమాయకత్వం, మొండితనం విడదీయలేనంతగా కలిసిపోయాయి.

ప్రతి ఘట్టమూ ఒకే దారిలో నడుస్తుంది. కేక, గిరాకీ, ఇంటి తనిఖీ, ఒప్పందపత్రం. చూసిందే చూస్తున్నామని విసుక్కునే ప్రేక్షకుడిని నేను తప్పుపట్టను. కానీ ఒంటరివాళ్ల రోజులు గడిచేది అలాగే కదా! ఒకే మాట పదేపదే వినిపించాకే ఈ మనుషుల మధ్య తేడాలు మనకు కనిపిస్తాయి.

వారిలో నన్ను బాగా కదిలించింది వృద్ధురాలు. భర్త లేడు, పెంచిన పిల్లీ పోయింది. మరో పిల్లిని తెచ్చుకోవాలని ఉన్నా, తాను ముందుగా కన్నుమూస్తే దాని గతేమిటన్న భయం. అక్కడే అద్దె అన్న ఆలోచనకు అర్థం దొరుకుతుంది. ఆమె తర్వాత పిల్లి తిరిగి వెళ్లడానికి ఒక ఇల్లు ఉంటుంది. ఉద్యోగం కోసం కుటుంబానికి దూరంగా ఉంటున్న నడివయసు మనిషి, కార్లు అద్దెకిచ్చే దుకాణంలో ఒక్కతే కూర్చునే యువతి కూడా సయోకోకు తారసపడతారు. జెల్లీలో, సాక్సులో, డోనట్‌లో కనిపించే రంధ్రాలతో వారి మనసులోని లోటును చూపించడం మాత్రం నాకు కొంచెం అతిగానే అనిపించింది.

ఈ సినిమా వచ్చాక జపాన్‌లో ఒంటరితనం ప్రభుత్వ వ్యవహారంగా మారింది. 2021లో దానికోసం ప్రత్యేకంగా మంత్రిని నియమించారు. 2024 ఏప్రిల్‌లో చట్టం అమల్లోకి వచ్చింది. ఆ ఏడాది ఒంటరిగా నివసిస్తూ ఇంట్లోనే మరణించినవారు 76 వేలకు పైగా ఉన్నారని పోలీసుల లెక్క. నలుగురిలో ముగ్గురు 65 ఏళ్లు నిండినవారే. మంత్రి, చట్టం, ఫోనులో సలహా చెప్పేవారు, అన్నీ అవసరమే. అయితే ఆ ఫోను చేయాల్సింది ఒంటరి మనిషే. ‘నాకెవరూ లేరు’ అని నోరు తెరిచి చెప్పుకోవడమే అన్నిటికన్నా కష్టం. సయోకో ఆ కష్టాన్ని వారికి తప్పిస్తుంది. తానే వీధిలోకి వచ్చి, పిల్లి కావాలా అని అడుగుతుంది. పిల్లి కావాలనడంలో నామోషీ లేదు. ఆమె తీసుకునేది వెయ్యి యెన్‌లు. అంత తక్కువా అని అడిగితే, తనకు వేరే సంపాదన ఉందంటుంది. ఉచితంగా ఇచ్చి ఉంటే అది దయ అయ్యేది, ఆ వృద్ధురాలు తీసుకునేది కాదేమో.

మరి సయోకో దగ్గరికి వచ్చి అడిగేదెవరు? ఈ ఏడాది పెళ్లి చేసుకోవాలని కాగితం మీద రాసి గోడకు అంటించుకున్న ఆమె కూడా ఒంటరిదే. ఇంటినిండా పిల్లులున్నా ఆమె లోటు తీరలేదు. పాత సహవిద్యార్థి ఎదురైనప్పుడు ప్రేమకథతో ముగించే అవకాశం ఉన్నా, ఒగిగామి ఆ సులువైన దారి పట్టలేదు. ఈ సినిమాను నేను ప్రేమించడానికి ఆ నిజాయితీయే ప్రధాన కారణం.